నొప్పికి తూకం

కాలు విరిగిన కథ మన ఇళ్ళలో ఎముక అతుక్కోవడంతో అయిపోతుంది. ఎక్కడ పడ్డారు, ఎవరు మోసుకెళ్ళారు, రాడ్ వేశారా ప్లేటు వేశారా, ఎంత ఖర్చయింది అని అడుగుతారు పలకరించడానికి వచ్చినవాళ్ళు. పుత్తూరు తీసుకెళ్తే పోయేది కదా అనేవాళ్ళు వాళ్ళలో ఒకరైనా ఉంటారు. ఆకు పసరు, వెదురు బద్దల కట్టు మీద తెలుగువాళ్ళకున్న గురి అలాంటిది. సర్జన్ చేసిన పనికి ఎక్స్‌రే ఫిల్ము సాక్ష్యం. కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి ఎవరికైనా చూపించవచ్చు. ఆ తర్వాత మనిషిని లేపి, నిలబెట్టి, నొప్పిలోంచే దారి చూపిస్తూ మళ్ళీ నడిపించినవాళ్ళ పనికి ఏ ఫిల్మూ ఉండదు. ఆ పని బాగా కుదిరితే చూడటానికి అసలేమీ మిగలదు. మనిషి కుంటకుండా నడిచి వెళ్ళిపోతాడు, అంతే.

మోకాలి కింది పెద్ద ఎముక, అంటే టిబియా, విరిగి లోపల రాడ్ వేయించుకున్న మా మేనత్తకు తోడుగా వెళ్ళి, ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రి ఫిజియో గదిలో కూర్చుని ఆ పనిని దగ్గరగా చూశాను. గది పెద్దదేమీ కాదు. నడుం ఎత్తున రెండు సమాంతర కమ్మీలు, గోడకు నిలువుటద్దం, నాలుగు మెట్లెక్కి నాలుగు మెట్లు దిగే చెక్క మెట్లు, ఒక మూల బరువు చూసుకునే మిషను. అక్కడ పనిచేసే ఫిజియోథెరపిస్టుకు ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. వచ్చిన ఆడవాళ్ళను పెద్దమ్మా, పిన్నీ అనీ, మగవాళ్ళను బాబాయ్ అనీ పిలుస్తుంది. వాళ్ళు మొదట 'మేడం' అని మొదలుపెట్టి నాలుగు రోజులకే 'అమ్మాయ్'లోకి దిగుతారు. ఆ అమ్మాయి నొప్పిని పూర్తిగా తీసేస్తానని ఎవరికీ మాటివ్వదు. పళ్ళు బిగించి ఓర్చుకోమనీ అనదు. నొప్పి ఏం చెబుతోందో విని, దాన్ని బట్టి ఇవాళ కాలి మీద ఎంత బరువు మోపించాలి, ఎన్ని అడుగులు వేయించాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చుకుంటుంది. ఆ తేల్చుకోవడంలో ఉన్న పనితనం గురించే నేను రాయాలనుకున్నది.

మొదటిసారి నిలబెట్టిన రోజే చూడండి. అత్త లేచి నిలబడటానికి ముందు చాలా పని జరిగింది. డాక్టరు రాసిన పారాసెటమాల్ ఎన్ని గంటలకు వేసుకున్నారని ఆ అమ్మాయి మొదట అడిగింది. నోటితో వేసుకున్న మాత్ర బాగా పట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకని వ్యాయామానికి ముందు ఆ మాత్రం వ్యవధి ఉండేలా మాత్ర వేళను జరిపించింది. మాత్ర మారలేదు, మోతాదు మారలేదు, వేళ ఒక్కటే మారింది. నొప్పి ముదిరాక వేసుకుంటే ఆ మాత్ర నిద్రకు తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయేది. ముందుగా వేసుకుంటే అదే మాత్ర మనిషి లేవడానికి సాయపడింది.

తర్వాత మంచం మీదే పాదాన్ని పైకీ కిందికీ ఆడించమంది. పిక్క బిగిసి వదిలినప్పుడల్లా కాలిలో నిలిచిన రక్తం పైకి పోతుంది. అప్పుడు కూడా కాలిని ఒక్కసారిగా మంచం మీది నుంచి వేలాడదీయనివ్వలేదు. పక్కన స్టూలు వేసి దాని మీద కొంతసేపు ఉంచింది, తర్వాత అంతకన్నా పొట్టి పీట మీద, ఆ తర్వాతే నేల మీద. ఎన్నాళ్ళుగానో దిండ్ల మీద ఎత్తి పెట్టిన కాలిని దించగానే రక్తం కిందికి దిగి కాలు బరువెక్కుతుంది, రంగు కమిలినట్టవుతుంది, పోటు మొదలవుతుంది. ఎముక కదిలిపోయిందేమో అని బెదిరి చాలామంది మళ్ళీ మంచమెక్కేది ఇక్కడే. కాలు దించకముందే ఫిజియో చెప్పింది. "పెద్దమ్మా, ఇప్పుడు కాలంతా నిండినట్టయి పోటు వస్తుంది. అది రక్తం దిగడం వల్ల. కాసేపట్లో సర్దుకుంటుంది. ఎముకకేమీ కాదు." చెప్పినట్టే పోటు వచ్చింది. అత్త మొహం చిట్లించింది గానీ కాలు వెనక్కి తీసుకోలేదు. ముందే చెప్పి రప్పించిన నొప్పి, చెప్పకుండా మీద పడిన నొప్పి ఒక్కలా ఉండవు. ఆ తేడాను మందులాగా వాడుకోవడం ఆమె దగ్గరే చూశాను.

విరిగిన కాలిలో నొప్పి ఒక్క చోట పుట్టదు. ఎముకను అంటుకుని పలచటి పొర ఒకటుంటుంది, పెరియాస్టియం అంటారు. నొప్పి నరాలు అందులో దట్టంగా ఉంటాయి. విరిగిన కొసలు కదిలినప్పుడల్లా ప్రాణం తోడేసేది ఆ పొరే. రాడ్ వేసి కొసలను నిలకడగా పట్టాక ఆ నొప్పి చాలామటుకు దిగిపోతుంది. మిగిలేవి వేరే. వాపుతో బిగిసిన చర్మం, కోసి కుట్టిన చోటు, కదలిక లేక పట్టేసిన చీలమండ, వాడక బక్కచిక్కిన తొడ కండరం, వాకర్ మీద భారమంతా వేసి నలిగిన అరచేతులు, భుజాలు. మంచం మీది మనిషికి ఇవన్నీ కలిసి ఒకటే నొప్పి, 'కాలు నొప్పి'. దాన్ని పాయలు పాయలుగా విడదీయగలిగితేనే దేనికి ఏం చేయాలో తెలుస్తుంది.

ఆమె విడదీసే తీరు ముచ్చటగా ఉంటుంది. నొప్పిని సున్నా నుంచి పది దాకా అంకెల్లో చెప్పమనడం ఆసుపత్రుల్లో మామూలు. అత్తను అడిగితే "చానా ఉందమ్మా" అంది. చానా అంటే ఎంత అని అడిగితే "ఎంతంటే ఏం చెప్తాం తల్లీ" అంది. ఆమె అంకె కోసం పట్టుబట్టలేదు. సలుపుతోందా, లాగుతోందా? మంటగా ఉందా, సూదులు గుచ్చినట్టుందా? కాలంతానా, ఒక్క చోటేనా? అరచేత్తో చూపిస్తావా, వేలు పెట్టి చూపిస్తావా? ఈ ప్రశ్నలకు అత్త దగ్గర తడుముకోకుండా జవాబులున్నాయి. "పిక్కలో లాగుతోంది, చీలమండ దగ్గర సలుపు, రాత్రిళ్ళు ఎక్కువ." లాగుడు పట్టేసిన కండరానిది కనక సాగదీత ఆపనక్కర్లేదు. సలుపు వాపుది కనక కాలు ఎత్తి పెట్టే సమయం పెంచాలి. మంటా తిమ్మిరీ కలిసి వస్తే నరం సంగతి చూడాలి. బరువు మోపినప్పుడల్లా విరిగిన చోటే కలుక్కుమంటూ, వేలు పెట్టి చూపించేంత కచ్చితంగా ఒకే చోట ఉండే నొప్పయితే వ్యాయామం ఆపి సర్జన్‌కు చూపించాలి. కెనడాలో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రోనల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే మాటలను గుంపులుగా పేర్చి ఒక ప్రశ్నావళి తయారు చేశాడు. నొప్పి ఎంత అన్నదానితో పాటు ఎలాంటిది అన్నది కూడా వైద్యానికి అవసరమని ఆయన గుర్తించాడు. ఈ గదిలో అలాంటి ప్రశ్నావళి ఏదీ లేదు. రోగి నోట వచ్చిన మాటను జారిపోనివ్వని చెవి ఉంది.

ఇక బరువు మిషను. అత్త ఎముక ఒకే గీతలా కాకుండా ముక్కలుగా విరిగింది కాబట్టి వెంటనే పూర్తి బరువు వద్దని సర్జన్ చెప్పారు. మొదట కాలు ఆనించీ ఆనించనట్టు పెట్టడం, ఆపైన కొన్ని కిలోలు, ఎక్స్‌రే చూశాక మరికొన్ని. ఈ మెట్లు వేసేది సర్జన్. మెట్టు మీద మనిషిని నిలబెట్టేది ఫిజియో. ఆనించీ ఆనించనట్టు అనే మాటను కాలికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె అంది: "కాలి కింద ఎండుటాకు ఉందనుకో పెద్దమ్మా. అది చప్పుడు చెయ్యకూడదు." అత్త అరికాలు నేలను తాకిన తీరు ఆ క్షణంలోనే మారిపోయింది. వారాల తర్వాత బరువు పెంచే వేళ మిషను ముందుకొచ్చింది. మంచి కాలి కింద మిషనంత ఎత్తున్న చెక్క పెట్టి, విరిగిన కాలిని మిషను మీద పెట్టించింది. ముల్లు పదిహేను దగ్గరికి వచ్చేదాకా చూస్తూ మోపమంది. తర్వాత చూపు ఎదురుగా అద్దంలోకి పెట్టి అంతే మోపమంది. ఆపైన "ఇప్పుడెంత ఉంటుందో చెప్పు" అని అడిగింది. మొదట్లో అత్త చెప్పినదానికీ ముల్లు చూపించినదానికీ పొంతనే లేదు. పోనుపోను దగ్గరపడింది.

మిషను మీద నిలబడి నేర్చుకున్న బరువు నడిచేటప్పుడు అలాగే ఉండదు. నడకలో జనం తెలియకుండానే ఎక్కువ మోపేస్తారు. ఫిజియోలందరికీ తెలిసిన చిక్కే ఇది. అందుకే ఆమె నాలుగు బారలు నడిపించి మళ్ళీ మిషను మీదికి తెచ్చేది. తూకం సరిచూసుకోవడానికి బంగారం కొట్లో కూడా అంత ఓపిక పట్టరు.

ఇంత కష్టపడి నడిపించే బదులు అతుక్కునేదాకా పడుకోబెడితే పోదా అన్నది సహజమైన ప్రశ్న. వైద్యులు దీని మీద వందేళ్ళకు పైగా వాదులాడుకున్నారు. 19వ శతాబ్దంలో లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ సుదీర్ఘమైన, ఎడతెగని విశ్రాంతే ఎముకకు మందు అన్నాడు. ఎముకలు కట్టే వంశంలో పుట్టి డాక్టరయిన మనిషి ఆయన. ఆయన పేరున్న స్ప్లింటు ఇప్పటికీ వాడుకలో ఉంది. అదే కాలంలో పారిస్‌లో లుకా షాంపియొనియేర్ అనే సర్జన్ మర్దన, కదలిక కావాలన్నాడు. వాదం చాలాకాలం విశ్రాంతి వైపే మొగ్గింది. 1961లో అమెరికా సైన్యంలో పనిచేసిన ఎర్న్‌స్ట్ డేనే, అతని సహచరులు టిబియా విరిగినవాళ్ళకు పిండికట్టు వేసి, తట్టుకోగలిగినంత మేరకు వెంటనే నడిపించిన అనుభవాన్ని ప్రచురించారు. 1967లో ఆగస్టో సార్మియెంటో ఇంకొక అడుగు ముందుకు వేశాడు. మోకాలి కింద కాలు పోయినవాళ్ళు కృత్రిమ కాలిని మోకాటి చిప్ప కింది కండర బంధం మీద ఆనించి నడవడం ఆయన చూశాడు. పిండికట్టును కూడా మోకాలి దగ్గర అదే ఆకారంలో నొక్కి మలిస్తే మోకాలు వదిలేసి కింది భాగానికే కట్టు వేయవచ్చని చేసి చూపించాడు. కట్టుతోనే మనిషి మోకాలు వంచగలిగాడు, నడవగలిగాడు. మన సర్కారు ఆసుపత్రుల ఎముకల వార్డుల్లో పీటీబీ కట్టు అనే మాట వినిపిస్తే అది ఈ కట్టే. 1985లో గుడ్‌షిప్, కెన్‌రైట్ అనే ఇద్దరు గొర్రెల కాళ్ళ మీద చేసిన పరిశోధనలో, విరిగిన చోట అదుపులో ఉన్న కొద్దిపాటి కదలిక ఉంటే, బిగదీసి కదలకుండా పట్టిన ఎముక కన్నా అది బాగా అతుక్కుంటుందని తేలింది.

ఈ చరిత్రలో నన్ను ఆకట్టుకున్నది ఒకటుంది. ఎంత బరువు మోపాలో చెప్పడానికి డేనే దగ్గరా సార్మియెంటో దగ్గరా ఏ యంత్రమూ లేదు. రోగి తన నొప్పి ఒప్పుకున్నంత మోపాడు, అది తగ్గినకొద్దీ పెంచాడు. ఫిజియో గదిలో జరుగుతున్నది ఆ పనే. కాకపోతే ఇక్కడ ఒక మనిషి పక్కన నిలబడి ఆ ఒప్పుకోలు నిజమైనదో, మొహమాటానిదో, భయానిదో గమనిస్తూ ఉంటుంది. మొహమాటం అన్నాను, అది చిన్న సంగతి కాదు. మన పెద్దవాళ్ళు చాలామంది అడిగినవాళ్ళు నొచ్చుకుంటారని 'ఏం లేదులే, బాగానే ఉంది' అంటారు. ఆమె అత్త నోటి మాటతో పాటు కమ్మీ పట్టుకున్న వేళ్ళను చూసేది. వేళ్ళ కణుపులు తెల్లబడితే అక్కడితో ఆపేసేది.

ఊపిరిని కూడా అలాగే చూసేది. బరువు మోపే ముందు మనిషి ఊపిరి బిగపడతాడు. ఊపిరితో పాటు నడుమూ తొడా బిగుసుకుంటాయి. బిగిసిన కండరం మీద మోపిన బరువు ఇంకా నొప్పెడుతుంది. "వదులు... కాలు పెట్టేటప్పుడు ఊపిరి వదులు" అంటూ ఆమె తన అరచేతిని అత్త తొడ మీద ఆనించి మెల్లగా కిందికి రాసేది. ఆ స్పర్శకు శాస్త్రం ఉంది. 1965లో మెల్జాక్, పాట్రిక్ వాల్ కలిసి ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి కబురు వెన్నుపాములో ఒక ద్వారం దాటి మెదడుకు వెళ్తుందని, స్పర్శ, ఒత్తిడి తెచ్చే నరాల కబురు ఆ ద్వారాన్ని కొంత మూయగలదని దాని సారం. వివరాలు తర్వాత చాలా మారాయి గానీ, ఆ ఊహ మీదే చర్మం మీద పట్టీలు అంటించి సన్నటి విద్యుత్తు పంపే టెన్స్ మిషన్లు వచ్చాయి. అలాంటి మిషను ఆ గదిలోనూ ఉంది. చీలమండ వంచే ముందు కొందరికి పెడుతుంది. దాన్ని ఆమె పెద్దగా నమ్ముకోలేదు. మిషను పెట్టి వదిలేసి వెళ్ళిపోవడం ఆమెకు చేతకాని పని.

ఆమె పనితనం నాకు అన్నిటికన్నా తేటగా కనిపించింది కమ్మీల మధ్య నడకలో. పూర్తి బరువుకు అనుమతి వచ్చాక ఒక రోజు అత్త నడుస్తోంది. ఆమె పక్కనే నిలబడి, చూపు నేల మీద పెట్టి వింటోంది. అడుగుల చప్పుడు సమంగా లేదు. విరిగిన కాలు ఆనీ ఆనకముందే మంచి కాలు వచ్చి దబ్బున పడుతోంది. నొప్పి ఉన్న కాలి మీద నిలిచే సమయాన్ని శరీరం తనంతట తాను తగ్గించుకుంటుంది. కుంటడం అంటే చాలావరకు ఇదే. చూసేవాళ్ళందరూ 'ఆ కాలు సరిగ్గా వెయ్యి' అని దెబ్బ తగిలిన కాలికి చెబుతారు. ఆమె మంచి కాలికి చెప్పింది. "పెద్దమ్మా, మంచి కాలు తొందరపడుతోంది. దాన్ని నిదానంగా వెయ్యి." చిటికెలు వేస్తూ సమంగా లయ కట్టింది. రెండు మూడు బారల్లో చప్పుడు సర్దుకుంది.

సర్దుకోగానే నొప్పి కొంచెం పెరిగింది. విరిగిన కాలి మీద బరువు ఇప్పుడు ఎక్కువసేపు ఉంటోంది కదా. ఆ పెరుగుదల ఆమె లెక్కలో ఉన్నదే. అందుకే ఆ రోజు నడక దూరాన్ని సగానికి సగం తగ్గించేసింది. కుంటుతూ వంద అడుగులు వేయడం కన్నా సమంగా ఇరవై వేయడం మేలు. కుంటు అలవాటైపోతే ఎముక పూర్తిగా అతికాక కూడా పోదు. నడుమూ రెండో మోకాలూ దాని ఖర్చు మోస్తాయి. నొప్పిని ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలియడం అంటే ఇదే అనిపించింది. సహించగలిగిన నొప్పి ఏ రోజుకారోజు కొంతే ఉంటుంది. దాన్ని దూరానికి పోయడమా, నడక తీరుకు పోయడమా అన్నది ఆమె ఎంచుకుంది.

వాకర్ నుంచి కర్రకు మారినప్పుడూ అంతే. దెబ్బ తగిలిన వైపే కర్ర పట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది. ఎదుటి చేతిలో పట్టాలి. నడకలో చేయీ కాలూ ఎదురుబదురుగా కదులుతాయి కాబట్టి అప్పుడే కర్రా కాలూ ఒకేసారి నేలకు ఆని బరువు పంచుకుంటాయి. కర్ర పిడి చేయి వేలాడదీస్తే మణికట్టు దగ్గరికి రావాలి. ఒక అంగుళం ఎక్కువైతే సాయంత్రానికి భుజం పట్టేస్తుంది, ఆ నొప్పిని కూడా కాలి ఖాతాలోనే రాసేసుకుంటాం.

ఇంటి దగ్గర జరిగేది ఆమె చేతిలో ఉండదు. అయినా దాన్ని వదిలేయలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆముదం రాసి మర్దన చేస్తామన్నారు, వావిలాకు కాపడం పెడతామన్నారు. ఆమె కసరలేదు. వాపూ వేడీ ఉన్నన్నాళ్ళూ కాపడం వద్దు, విరిగిన చోట రుద్దొద్దు అని చెప్పి, వాపు దిగి కుట్లు పూర్తిగా మానాక పట్టేసిన చీలమండకు వ్యాయామం ముందు గోరువెచ్చని వావిలాకు నీళ్ళ కాపడం పెట్టుకోవచ్చంది. వాళ్ళ ప్రేమకు ఒక వేళ కేటాయించింది. అప్పటిదాకా గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట, కాలు గుండె కన్నా ఎత్తులో దిండ్ల మీద. మాత్రల విషయంలో మాత్రం గట్టిగా ఉండేది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీయగలవు. ట్రమడాల్ లాంటివి తల తిప్పుతాయి, వాకర్‌తో నడిచే మనిషి తల తిరిగి పడితే మొదటికొస్తుంది. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉండొచ్చు, అన్నీ కలిపి రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. ఏదైనా మార్చాలంటే డాక్టరును అడగమనేది, తను ఒక్క మాత్ర పేరు కూడా చెప్పేది కాదు. ఈ హద్దు పాటించడం కూడా పనితనంలో భాగమే.

అన్నిటికన్నా తెలివైనది ఆమె పెట్టిన పొద్దుటి పరీక్ష. నడిచేటప్పుడు కొంత నొప్పి రావచ్చు. రాత్రి కాస్త పెరగొచ్చు. మర్నాడు పొద్దున్న లేచేసరికి నిన్నటి స్థాయికి దిగిందా లేదా అన్నదే చూడాలి. దిగితే ఈ రోజు అంతే, లేదా కొంచెం ఎక్కువ. దిగకపోతే, వాపు పెరిగితే సగానికి తగ్గించు. అత్త గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో దిగితే సున్నా, దిగకపోతే ఇంటూ పెట్టేది. నొప్పికి అంకె చెప్పలేకపోయిన మనిషి ఈ లెక్క ఒక్క పూట కూడా తప్పలేదు. అత్త క్యాలెండర్ పట్టుకొచ్చినప్పుడల్లా ఆ గడులను ఆమె చదివేది. వరుసగా ఇంటూలుంటే "ఏం చేశావ్ పెద్దమ్మా, పెళ్ళికెళ్ళావా?" అని అడిగేది. వెళ్ళే ఉండేది.

ఏ నొప్పికి లొంగకూడదో నేర్పుతూనే దేనికి వెంటనే ఆగాలో కూడా ఆమె మొదటి రోజే చెప్పింది. పిక్క ఒక్కసారిగా వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. దాంతోపాటు ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. జ్వరం, కుట్ల దగ్గర చీము, ఎర్రదనం ఉంటే అదే రోజు చూపించాలి. పిండికట్టు ఉన్నవాళ్ళకు మాత్రలకు లొంగని విపరీతమైన నొప్పి, వేళ్ళు కదిపితే ప్రాణం పోతున్నంత బాధ, వేళ్ళు మొద్దుబారడం ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు. కాలు మంటపెడుతూ, చర్మం నిగనిగలాడుతూ, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే అది వేరే జబ్బు, దానికి వేరే వైద్యం కావాలి. ధైర్యం చెప్పడానికీ హెచ్చరించడానికీ ఆమె ఒకే గొంతు వాడింది. అత్త భయపడలేదు, గుర్తుపెట్టుకుంది.

డిశ్చార్జి రోజు బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి ఇవి చేసుకోండి అని పంపేయడం చాలాచోట్ల చూస్తాం. దాన్ని ఫిజియోథెరపీ అనడానికి నాకు మనసొప్పదు. ఆ కాగితంలో బొమ్మ మారదు, కాలు రోజూ మారుతుంది. పైగా ఆ బొమ్మల్లోని మనిషి కుర్చీలో కూర్చుంటాడు. మన బతుకు సగం నేల మీద గడుస్తుంది. టిబియాలో రాడ్‌ను మోకాటి చిప్ప దగ్గర నుంచి దించుతారు కాబట్టి ఎముక అతికాక కూడా మోకాలి ముందు భాగంలో నొప్పి ఉండిపోవడం మామూలు. అది బయటపడేది మోకరిల్లినప్పుడు, బాసింపట్టు వేసుకున్నప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు. అత్త అడిగింది కూడా అదే: "దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూర్చోగలనా?" ఆమె ఎత్తు పీటతో మొదలుపెట్టి, వారానికింత చొప్పున పీట ఎత్తు తగ్గించుకుంటూ వచ్చింది. మోకాలి కింద దిండు వేయించి, నేల గట్టిదనాన్ని కూడా మెల్లమెల్లగానే రుచి చూపించింది. మరుగుదొడ్డి సంగతి అడగడానికి అత్త సిగ్గుపడితే తనే ఎత్తింది, కుర్చీలాంటి స్టాండు కొనమని చెప్పింది, ఎన్నాళ్ళకు అది అక్కర్లేకపోవచ్చో కూడా చెప్పింది.

మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు అన్నది గదిలోని చెక్క మెట్ల మీద నేర్పింది. కానీ అత్త ఊరికి వెళ్ళాల్సింది ఆర్టీసీ బస్సులో. బస్సు మొదటి మెట్టు ఆ చెక్క మెట్ల కన్నా చాలా ఎత్తు. ఒక రోజు ఆమె చెక్క మెట్లను పక్కకు నెట్టి, గట్టి పీటల్ని ఒకదాని మీద ఒకటి కదలకుండా కట్టించి బస్సు మెట్టంత ఎత్తు చేసింది. పక్కన పట్టుకోవడానికి కమ్మీ, ఇంకో చేతిలో కర్ర. ఎక్కించింది, దించింది. దిగేటప్పుడు మోకాలి ముందు కలుక్కుమంది. ఎక్కడ, ఎలాంటిది, దిగాక పోయిందా అని మళ్ళీ మొదటి రోజులాగే అడిగింది. పోయిందని తేలాక పీటను ఒక అంగుళం తగ్గించి ఇంకోసారి చేయించి, కండక్టర్‌ను తొందరపెట్టనివ్వొద్దని, పూర్తిగా నిలబడ్డాకే కర్ర ఎత్తాలని చెప్పి, మర్నాటి పొద్దుటి గడిలో ఏం వస్తుందో ఫోన్ చేసి చెప్పమంది.